కొంగపాదం

నాగపూర్,
12 జూన్ 1986

అక్కా,

నీ కార్డు అందింది. ఇక్కడ ఎండలు ఇంకా దిగలేదు. సుగుణ, దాసు బాగున్నారు. నాకే కడుపులో కాస్త నలతగా ఉంటే సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నాను కాబట్టే ఇంత పెద్ద ఉత్తరం. కళ్లజోడు పెట్టుకుని నెమ్మదిగా చదువుకో.

మొన్న మా మిల్లు ఆఫీసులో ఒక సంగతి జరిగింది. మా మేనేజరు గారు ఒక అల్సేషియన్ కుక్కపిల్లని కొన్నారు. దాంతోపాటు ఒక కాగితం ఇచ్చారట. అందులో ఆ కుక్క తండ్రి పేరు, తల్లి పేరు, వాళ్ల తల్లిదండ్రుల పేర్లు, అలా పైపైకి వెళ్లి ఎక్కడో జర్మనీలో పుట్టిన కుక్కల దాకా ఉన్నాయి. దాన్ని పెడిగ్రీ అంటారు. ఇంకో ప్రతి కావాలని నన్ను పిలిచి టైపు చెయ్యమన్నారు. చేస్తుంటే పక్కన నిలబడి, నవ్వుతూ, "సాలమన్, మీ తాత పేరేమిటి?" అన్నారు. ఏసుదాసు అన్నాను. "ఆయన తండ్రి?" అన్నారు. నా వేళ్లు మిషను మీద ఆగిపోయాయి. ఆఫీసంతా నవ్వింది. ఆయన చెడ్డవాడు కాదక్కా. "పోనీలే, పని కానియ్యి" అని భుజం తట్టి వెళ్లిపోయారు. ఆ కుక్కగారి ముత్తాత పేరు ఒక్క తప్పు లేకుండా టైపు చేశాను.

సాయంత్రం లైబ్రరీకి వెళ్లి పెద్ద డిక్షనరీ తీయించాను. పెడిగ్రీ అనే మాట ఎక్కడిదో అందులో ఉంది. కొంగ పాదం అట! ఫ్రెంచివాళ్ల మాట. పూర్వం అక్కడ వంశాలు రాసుకునేవాళ్లు తండ్రి పేరు కింద గీత దించి, దాన్ని మూడు పాయలు చేసి పిల్లల పేర్లు రాసేవారట. చూడటానికి కొంగ అడుగు వేసినట్టు ఉండేదట. ఆ మాటే ఇంగ్లీషువాళ్ల నోట నలిగి నలిగి పెడిగ్రీ అయింది. లైబ్రరీలో ఒక్కణ్ణీ నవ్వుకున్నాను. కొంగ అడుగులు మనకి తెలిసినంతగా ఏ ఫ్రెంచివాడికి తెలుసు? అమ్మ ఊడ్పులకి దిగితే గట్టుమీద కూర్చుని మనం చూసినవి అవేగా.

అందుకే అడుగుతున్నాను. మన ముత్యాలు మామ్మకి పైవాళ్లందరి పేర్లూ వచ్చు. సమాధుల పండగనాడు ఒక్కో మట్టిదిబ్బకీ సున్నం వేస్తూ, అందులో ఎవరున్నారో పైకి చెప్తూ నడిచేది గుర్తుందా? పిల్లలంతా వెనకాలే తిరిగి అనాలి. మనిద్దరం నాన్న, తాత అయ్యేసరికి కొబ్బరుండలు పంచే చోటికి పరుగెత్తేవాళ్లం. ఏటివైపు చివర ఉన్నవాళ్లెవరో మనకి తెలియకుండా పోయింది. ఆవిడని అడిగి, రాసి పంపు. దాసు కాలేజీకి వెళ్తున్నాడు. వాడికి ఇవ్వాలి.

ఆలస్యం చెయ్యకు.

నీ తమ్ముడు
సాలమోను


పొన్నలంక, రాజోలు దగ్గర,
30 జూన్ 1986

ప్రభువు నీడలో చల్లగా ఉండవలసిన నా తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నాకోసం, ఒకసారి మామ్మకోసం. కుక్క సంగతి మామ్మకి చదవలేదు. చదివితే మీ మేనేజరు గారిని ఇక్కడినుంచే శాపనార్థాలు పెట్టేది.

మీ బావగారు పోయి, ముమ్మిడివరం వదిలి నేను ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ మామ్మ మన అరుగు మీదే ఉంటోంది. నాన్నకి పినతల్లి కదా, మనల్ని కనిపెట్టుకునేది తనే అనుకుంటుంది. చూపు సగం పోయింది, నోరు పోలేదు.

"మామ్మా, తమ్ముడు మనవాళ్ల పేర్లు రాసి పంపమంటున్నాడు" అన్నాను.

"ఏ మనవాళ్లే?"

"ఏటివైపు ఉన్నవాళ్లవి."

"ఇయ్యాల పండగా?"

"కాదు."

"మరి ఊరికే పిలిస్తే లేచి కూచుంటారు. లేచాక ఏం పెడతావే? నీ సండేస్కూలు బిస్కట్లా?"

నవ్వేసి, పోనీ ఇక్కడ కూర్చునే చెప్పు, వాళ్లకి వినపడదులే అన్నాను. కళ్లు మూసుకుంది. "మీ అమ్మ సలోమి. మీ నాన్న ఇస్సాకు. మీ తాత ఏసుదాసు..." అని ఆగింది. మంచం మీద కూర్చునే ఉంది కానీ తమ్ముడూ, నేలమీద కాళ్లు కదులుతున్నాయి, నడుస్తున్నట్టు. చివరికి కళ్లు తెరిచి, "రావట్లేదే. నోటికి కాదు తెలిసింది, కాళ్లకి. ఒక దిబ్బ దాటితేనే ఇంకోటి అందుద్ది" అంది.

అయితే వెళ్దాం పద, సమాధుల తోట ఎంత దూరం అన్నాను. పండగనాడే అంది. బాప్తిస్మాలకి ముందునుంచీ మనవాళ్లని పెట్టిన చోటు అది, వేళాకోళం కాదంది. నా సంగతి నీకు తెలుసు కదా, ఎవరినీ గట్టిగా అడగలేను.

ఒక్క మాట మాత్రం చెప్పింది. తాతకి ఏసుదాసు అనేది దొరలు పెట్టిన పేరట. అంతకుముందు వేరే పేరు ఉండేదట. అదీ అక్కడే చెప్తుందట. నవంబరు ఎంతలో వస్తుంది? పండగనాడు నేనే కాగితం పట్టుకుని మామ్మ వెనకాల నడుస్తాను. ఈసారి కొబ్బరుండల దగ్గరికి పరుగెత్తనులే.

ఇది రాస్తుంటే పెరటి వెనక ఆకుమడిలో కొంగలు వాలాయి. అవి లేచాక వెళ్లి వంగి చూశాను. ముందుకి మూడు వేళ్లు, వెనక్కి ఒకటి. మీ డిక్షనరీలో ఆ వెనక వేలి సంగతి రాశారా? పైవాళ్ల వైపు చూపించేది అదే కాబోలు.

కడుపు నలత అన్నావు. సుగుణని వాము నీళ్లు కాచి ఇమ్మను. రాత్రిళ్లు మజ్జిగ మానకు. నీకోసం రోజూ మోకరిస్తున్నాను.

అక్క
జీవరత్నం


నాగపూర్,
18 జూలై 1986

అక్కా,

నవంబరు దాకానా?

మామ్మ కాళ్లకే తెలిస్తే ఆ కాళ్లనే నడిపించు. కొబ్బరుండలు నేను ఇక్కడినుంచి పార్సెలు పంపిస్తాను. లేచి కూర్చున్న వాళ్లందరికీ తలా ఒకటి పెట్టు.

వేళాకోళం కాదు. మొన్న దాసు అడిగాడు. "నాన్నా, నాగపూర్‌లో మనల్ని ఆంధ్రావాళ్లంటారు. ఊరికి వెళ్తే నాగపూర్ వాళ్లొచ్చారంటారు. మనం ఎక్కడివాళ్లం?" అని. పొన్నలంక అన్నాను. "అక్కడ ఎవరున్నారు?" అన్నాడు. మీ అత్తయ్య ఉంది అన్నాను. "అత్తయ్య కాకుండా?" అన్నాడు. అందరూ ఉన్నారు, సమాధుల తోటలో ఉన్నారు అన్నాను. వాడు నవ్వలేదు. "వాళ్ల పేర్లు చెప్పు" అన్నాడు. నాన్న, తాత చెప్పాక మళ్లీ నా నోరు ఆగిపోయింది. మేనేజరు గారి ముందు ఆగడం వేరు. వీడి ముందు ఆగడం వేరు.

తాత పేరు వీడికి పెట్టుకున్నాం కదా. ఆ పేరు కూడా తాతది కాదని నువ్వు రాసినప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. అసలు పేరు కావాలి. గట్టిగా అడగడం నీకు రాదని తెలుసు. ఈ ఒక్కసారి అడుగు. నాకోసం అడుగు.

వాము నీళ్లు తాగుతున్నాను. మిల్లులో తేలిక పని ఇచ్చారు. కంగారు పడవద్దు.

సాలమోను


పొన్నలంక,
2 సెప్టెంబరు 1986

తమ్ముడూ,

పేపర్లో చూసే ఉంటావు. నీ టెలిగ్రాం రాజోలు పోస్టాఫీసులో ఆగి మొన్నే చేతికి వచ్చింది. దేవుని కృపవల్ల మేం ప్రాణాలతో ఉన్నాం. ఏరు పొంగేవేళకి పడవలు వచ్చి అందరినీ ఎక్కించి రాజోలు తీసుకుపోయాయి. అక్కడ బళ్లో ఉన్నాం. గంజి పోశారు, చీరలు ఇచ్చారు. మామ్మని ఇద్దరు మనుషులు కుర్చీతో సహా మోసి పడవ ఎక్కించారు. పెళ్లికి కూడా నన్నిలా మొయ్యలేదని దారి పొడుగునా అంటూనే ఉంది.

మన ఇంటి కప్పు పోయింది. గోడలు నిలిచాయి. ఇప్పుడు తాటాకులు కప్పుకున్నాం. చేలన్నీ ఒండ్రు కింద ఉన్నాయి.

నువ్వు మొదట అడిగేది ఏమిటో నాకు తెలుసు. మనవాళ్లంతా ఉన్నచోటే ఉన్నారు. ఆయన ఎవరి చెయ్యీ వదలడు. నువ్వు మనసు కష్టపెట్టుకోకు. మామ్మకి జ్వరం తగ్గలేదు. పేర్ల సంగతి తర్వాత చూద్దాం.

నీ ఆరోగ్యం ఎలా ఉందో రాయి.

అక్క


నాగపూర్,
10 అక్టోబరు 1986

అక్కా,

ఇది దాసు చేతిరాత. నేను చెప్తుంటే రాస్తున్నాడు. నాకు కుడిచెయ్యి నొప్పిగా ఉంది. టైపు కొట్టి కొట్టి వచ్చిందిలే. వీడికి తెలుగు నేను నేర్పిందే కాబట్టి తప్పులుంటే నావే.

మీరందరూ బాగున్నారని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. సమాధుల తోట మెరక మీద ఉంది కాబట్టి బతికిపోయింది. చిన్నప్పుడు నాన్న అనేవాడు, పూర్వులు తెలివైన వాళ్లు, బతికున్నవాళ్లు పల్లంలో ఉండి పోయినవాళ్లని మెరక మీద పెట్టారని.

మా మిల్లులో పనిచేసే సత్తిబాబు నీకు తెలియదు, అంబాజీపేట వాడు, మంచివాడు. పండగ వెళ్లాక సెలవు మీద ఇంటికి వస్తున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు రాజోలు బస్టాండులో నిన్ను కలుస్తాడు. అమ్మ సమాధి మీది మట్టి ఒక గుప్పెడు అతనికి ఇచ్చి పంపు. ఎందుకని అడగకు. ఇక్కడ ఇంటి ముందు ఒక మొక్క వేద్దామనుకుంటున్నాను, దానికోసం అనుకో.

పేర్లు కూడా పండగ అవగానే అతనితోనే పంపు. తాత అసలు పేరు ముందు రాయి.

(అత్తయ్యా, నమస్కారాలు. దాసు.)

సాలమోను


పొన్నలంక,
16 నవంబరు 1986

తమ్ముడూ,

సమాధుల పండగ జరిగింది. పాస్టరు గారు ప్రార్థన చేశారు, పాటలు పాడాం, కొవ్వొత్తులు వెలిగించాం. మామ్మ ఈసారి నడవలేకపోయింది. పేర్లు పంపలేకపోతున్నాను. క్షమించు.

నిన్న సత్తిబాబుకి మట్టి ఇచ్చాను. హార్లిక్స్ సీసాలో పోసి గుడ్డ కట్టాను. ఆ అబ్బాయి సీసా అందుకుని నా మొహం చూడకుండా నిలబడ్డాడు.

"మా తమ్ముడు బాగున్నాడా బాబూ?" అన్నాను.

"ఆయ్" అన్నాడు.

"చెయ్యి నొప్పి తగ్గిందా?"

"చెయ్యేటండీ?" అన్నాడు. తర్వాత తెలిసి నాలిక కరుచుకున్నాడు. "మీకు రాయలేదాండీ? నేను చెప్పకూడదేమోనండి" అన్నాడు. బస్సు వచ్చింది. ఎక్కేసి, కిటికీలోంచి, "ఒకసారి వచ్చి చూసుకెళ్లండమ్మా" అన్నాడు.

సాలమోనూ, మొక్కకోసం ఎవరూ తల్లి సమాధి మట్టి అడగరు. ఏం దాస్తున్నావు? అమ్మ పోయాక నీకు అన్నం కలిపి పెట్టింది నేను. నాకు రాయి.

అక్క


నాగపూర్,
2 డిసెంబరు 1986

అక్కా,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. రోజుకి కొంచెం చొప్పున రాస్తున్నాను కాబట్టి అక్షరాలు ఒకలా లేవు.

కడుపులో పుండు అనుకున్నది పుండు కాదు. ఏప్రిల్లోనే చెప్పారు. కోసి చూసి మళ్లీ కుట్టేశారు. కుక్క కాగితం టైపు చేసేనాటికే నాకు తెలుసు. అందుకే ఆ నవ్వు అంత గుచ్చుకుంది. సుగుణకి తెలుసు, దాసుకి ఈ మధ్యే తెలిసింది. నీకు చెప్పకపోవడానికి కారణం ఒకటే. చెప్తే నువ్వు వచ్చేస్తావు. నువ్వు వస్తే మామ్మ దగ్గర ఎవరుంటారు? పేర్లు ఎవరు పంపుతారు? నా ప్రాణం కంటే నాకు ఆ పేర్లే ముందు కనిపించాయి. మరి వాడికి నేనేం ఇచ్చి వెళ్తాను? టైపు మిషను కూడా మిల్లువాళ్లదే.

సత్తిబాబు సీసా తెచ్చి ఇచ్చాడు. గుడ్డ విప్పి అరచేతిలో పోసుకున్నాను.

అక్కా, అమ్మ మీది మట్టి నల్లగా ఉండాలి. కాలవ నుంచి నల్లమట్టి తట్టలతో తెచ్చి ఏటేటా దిబ్బ వేసింది మనమే కదా. దానిమీద సున్నం. మళ్లీ ఏడాది మళ్లీ మట్టి, మళ్లీ సున్నం. పిడికెడు తీస్తే తెల్లటి పెళ్లలు చేతికి తగలాలి. నువ్వు పంపింది మెత్తగా, బూడిదరంగుగా, తళుకు తళుకుమంటోంది. ఒక్క సున్నప్పెళ్ల లేదు. అది గోదారి ఒండ్రు. లంకలో పుట్టినవాడికి ఇది చెప్పాలా?

నాకు కోపం లేదు. నువ్వు ఉత్తరాల్లో ఒక్క అబద్ధమూ రాయలేదని వెనక్కి తీసి చూస్తే తెలిసింది. ఉన్నచోటే ఉన్నారు అన్నావు. నడవలేకపోయింది అన్నావు. నేను నొప్పి చేతిదన్నాను. ఇద్దరం ఇద్దరమే.

ఇప్పుడు నిజం రాయి. త్వరగా రాయి.

సాలమోను


పొన్నలంక,
11 డిసెంబరు 1986

నా తండ్రీ, సాలమోనూ,

నీ ఉత్తరం చదివి మోకరించాను కానీ మాటలు రాలేదు. అలాగే లేచి ఇది రాస్తున్నాను. మామ్మకి మళ్లీ ఆయాసంగా ఉంది. ఎవరికైనా అప్పజెప్పి క్రిస్మస్ లోపల వస్తాను.

నువ్వు జూలైలో ఈ ఒక్కసారి గట్టిగా అడుగు అని రాశావు. అడిగాను. మామ్మ నా మొహం తడిమి చూసి, "ఏడుస్తున్నావేంటే? సరే, ఊడ్పులయ్యాక ఆదివారం గుడి నుంచి అటే పోదాం" అంది. ఆ ఆదివారానికి మేం రాజోలు బళ్లో ఉన్నాం.

నీళ్లు తీశాక వెళ్లి చూశాను. ఏటివైపు సగం లేదు తమ్ముడూ. గట్టు విరిగి నదిలో పడిపోయింది. నువ్వు అడిగిన వాళ్లు ఉన్నది ఆ సగంలోనే. ఇవతల సగం ఉంది కానీ మోకాలెత్తు ఒండ్రు పేరుకుని నున్నగా, అలికినట్టు ఉంది. దిబ్బలు లేవు. గుర్తుకి ఉన్న గన్నేరు చెట్టు లేదు. అమ్మ ఇక్కడ, నాన్న ఇక్కడ అని నాకు నేనే అనుకోవలసి వచ్చింది. నీకు పంపిన మట్టి అలా అనుకున్న చోట తీసిందే.

మామ్మకి చెప్పలేదు. పండగ రోజు తనే లేచి, సున్నం బకెట్టు తెమ్మంది. నా భుజం పట్టుకుని చెప్పుల్లేకుండా వచ్చింది. పిల్లలు వెనకాల నిలబడ్డారు. మామ్మ అడుగు వేసి "సలోమి" అంది. పిల్లలు "సలోమి" అన్నారు. ఇంకో అడుగు వేసి "ఇస్సాకు" అంది. "ఏసుదాసు" అంది. తర్వాత దిబ్బ దాటడానికి కాలు పైకెత్తింది. దాటడానికి అక్కడ ఏమీ లేదు. ఆ కాలు అలాగే గాలిలో ఉండిపోయింది.

"దిబ్బేదే?" అంది.

"వరదకి పోయింది మామ్మా."

"ఏ దిబ్బ?"

"అన్నీ."

నమ్మలేదు. వెనక్కి వెళ్లి మళ్లీ మొదట్నుంచి వచ్చింది. మళ్లీ అక్కడే కాలెత్తింది. మూడోసారి "సలోమి" కూడా రాలేదు. కుంచె మీద సున్నం ఎండిపోయింది, వెయ్యడానికి చోటు లేక. పిల్లలు నవ్వు ఆపుకుంటున్నారు. వాళ్ల తప్పు కాదు, ముసలావిడ గాల్లో కాళ్లు ఎత్తుతుంటే వాళ్లకేం తెలుస్తుంది.

తర్వాత ఒకరోజు నేనే పారతో ఒండ్రు లాగి, గుర్తున్నట్టుగా దిబ్బలు పోసి తీసుకెళ్లాను. ఒకదానిమీద కాలు పెట్టి చూసి, "ఇయ్యి ఎవరియ్యే? నాకు తెలీదు వీళ్లు" అంది. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం, "నోట్లో ఉంచుకున్నానే అందర్నీ, మింగేసినట్టయింది" అంది. అప్పట్నుంచి పేర్ల మాట ఎత్తలేదు.

పాత పేర్లు ఏవో కూర్చి, ఇవే అని నీకు పంపుదామని ఒకరోజు కలం పట్టుకున్నాను. రాయకుండానే మూత పెట్టేశాను. పరలోకంలో ఆయన దగ్గరున్న పుస్తకంలో అందరి పేర్లూ ఉన్నాయని పాస్టరు గారు ఓదార్చారు. నమ్ముతున్నాను. కానీ తమ్ముడూ, ఆ పుస్తకం మన దాసుకి ఎవరు చూపిస్తారు?

నేను వచ్చేదాకా ఉండు.

నీ అక్క


నాగపూర్,
14 జనవరి 1987

అత్తయ్యకి నమస్కారాలు,

టెలిగ్రాం అందే ఉంటుంది. మామ్మని వదిలి మీరు రాలేకపోయారని నాన్నకి తెలుసు. ఒక్కసారి కూడా మీమీద నిష్ఠూరంగా మాట్లాడలేదు.

మీ ఉత్తరం ఆసుపత్రిలో నేనే చదివి వినిపించాను. మామ్మ కాలు ఎత్తిన చోట ఆపమన్నారు. కాసేపయ్యాక మళ్లీ చదవమన్నారు. తర్వాత కాగితం తెమ్మని నా చేత కొంగ పాదం గీయించారు. కింద నా పేరు, దాని పైన తన పేరు, ఆ పైన ఇస్సాకు, ఆ పైన ఏసుదాసు రాయమన్నారు. ఆ పైన గీతలు గీస్తూ పొమ్మన్నారు. "పేర్లు లేకుండా గీతలెందుకు నాన్నా?" అన్నాను. "గీయకపోతే అక్కడ ఎవరూ లేరనుకుంటారురా" అన్నారు. కాగితం చివరిదాకా గీశాను. చూసి, సరిపోలేదన్నారు. ఇంకో కాగితం నా దగ్గర లేదు.

ఆ కాగితం ఆయన తలగడ కింద ఉండిపోయింది. మర్నాడు గుర్తొచ్చి వెళ్తే ఆ మంచం మీద వేరే ఆయన ఉన్నారు. దుప్పట్లు, తలగడలు మార్చేశారు. ఎవరినడిగినా తెలియదన్నారు.

మేనేజరు గారు పూలదండ తెచ్చారు. మంచిగా మాట్లాడారు, కళ్లు తుడుచుకున్నారు. కారు కిటికీలోంచి కుక్క తల బయటపెట్టి చూసింది. చాలా పెద్దదయింది.

ఇంకో సంగతి అడగాలి. మీరు పంపిన సీసా మట్టి నాన్న మీద వెయ్యాలని అమ్మ అనుకుంది. ఆ తొందరలో మర్చిపోయాం. ఇప్పుడది కిటికీలో ఉంది. అమ్మ దాన్ని చూసినప్పుడల్లా ఏడుస్తోంది. ఏం చెయ్యమంటారు?

మీ మేనల్లుడు
ఏసుదాసు


పొన్నలంక,
8 ఫిబ్రవరి 1987

బాబూ దాసూ,

ముత్యాలు మామ్మ కూడా వెళ్లిపోయింది. మీ నాన్న పోయిన సంగతి ఆవిడకి చెప్పలేదు. చివర రోజుల్లో మాట లేదు కానీ పాదాలు కదిలిస్తూనే ఉంది. నేను చేత్తో పట్టుకుని ఆపేదాన్ని. తర్వాత ఎందుకు ఆపానా అనిపించింది.

ఏటికి దూరంగా, కరకట్ట ఇవతల కొత్త సమాధుల తోటకి చోటు ఇచ్చారు. అందులో మొదటి దిబ్బ మామ్మదే. ఆవిడ తండ్రి పేరు రాతిమీద చెక్కిద్దామని అడిగితే ఊళ్లో ఎవరికీ తెలియలేదు. తెలిసింది ఆవిడకే.

సీసా గురించి అడిగావు. దాచుకో అని రాయాలని ఉంది. కానీ అది ఏటిమట్టి నాన్నా. మీ అమ్మ కళ్లెదుట లేకుండా, ఏ మొక్క మొదట్లోనో పోసెయ్యి. మీ నాన్న మొదట అడిగింది కూడా మొక్కకనే.

నీకు ఇవ్వగలిగినవి నువ్వు గీసినవే. సాలమోను, ఇస్సాకు, ఏసుదాసు. ఆ మూడోది కూడా మా తాతకి పుట్టినప్పుడు పెట్టింది కాదు. అయినా అది నీది, ఇంకెవరూ తీసుకోలేరు. మీకోసం ప్రార్థిస్తున్నాను. ఇదివరకులా మాటలు కుదరడం లేదు. ఊరికే మోకాళ్ల మీద ఉంటాను, అంతే.

నిన్న పొద్దున పాత తోట వైపు వెళ్లాను. ఒండ్రు మీద ఎవరో దోసపాదులు పెట్టారు. మంచి నేల, బాగా కాస్తుంది. నీటి పక్క తడి ఇంకా ఆరలేదు. అక్కడ కొంగ నడిచి వెళ్లిన అడుగులు వరుసగా, స్పష్టంగా ఉన్నాయి. ముందుకి మూడు వేళ్లు, వెనక్కి ఒకటి. చెప్పులు విడిచి ఆ అడుగుల పక్కనే నడిచాను. మా అమ్మ ఉందనుకున్న చోటు దాటాను, నాన్నది దాటాను, తాతది దాటాను. అక్కడి నుంచి మామ్మ కాలెత్తినట్టు నేనూ ఎత్తబోయి, ఎవరైనా చూస్తారని మానేశాను.

అడుగులు నీటి అంచుదాకా ఉన్నాయి. అక్కడి నుంచి లేవు.

మీ అత్తయ్య
జీవరత్నం